కొబ్బరాకు మీద మసి

తణుకు నుంచి ఏ పల్లెకు బయలుదేరినా దారి పొడుగునా కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. ఈసారి వెళ్ళినప్పుడు మట్టలను కాస్త పరకాయించి చూడండి. కొన్నిటి మీద, కట్టెల పొయ్యి మీది కుండకు పట్టినట్టు, నల్లటి మసి ఉంటుంది. చెట్టు కింద పొయ్యి లేదు గదా, ఈ మసి ఎక్కడిది?

తడిగుడ్డతో తుడిస్తే అడుగున పచ్చటి ఆకు బయటపడుతుంది. అంటే జబ్బు ఆకు లోపల లేదన్నమాట! అసలు దొంగ పైమట్టల ఆకుల అడుగున దాగి ఉంది. దాని పేరు సర్పిలాకార తెల్లదోమ. గుడ్లను చుట్టలు చుట్టలుగా పెడుతుంది గనుక ఆ పేరు వచ్చింది. ఇది మనను కుట్టదు. ఆకురసం పీల్చి, తీపి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద నల్లబూజు పెరుగుతుంది. బూజు ఎండను అడ్డుకుంటే ఆకు ఆహారం తయారుచేసుకోలేదు. ఈ పురుగు మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో కనబడింది. తరువాత గోదావరి జిల్లాలకు వచ్చింది.

పురుగుమందు కొడితే సరిపోదా? అక్కడే ఉంది చిక్కు. ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి కీటకం ఒకటుంది. ఆవగింజంత కూడా ఉండదు. అది తెల్లదోమ పిల్లల ఒంట్లో గుడ్డు పెట్టి వాటిని చంపుతుంది. మందు కొడితే ఈ మిత్రుడూ చస్తాడు. అందుకే వశిష్ఠ గోదావరికి అవతల, అంబాజీపేటలో ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం వారు ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించారు. అది తెల్లదోమకు రోగం తెప్పిస్తుంది.

శిలీంధ్రం చల్లిన నెలకు పురుగు తగ్గిందనుకోండి. శిలీంధ్రమే తగ్గించిందా? తొందరపడకండి! జోరువానకు కూడా తెల్లదోమ తగ్గుతుంది. మరి తేల్చడం ఎట్లా? ఒకే తోటలో కొన్ని చెట్లకు చల్లాలి, కొన్నిటిని వదిలివేయాలి. వాన రెండింటి మీదా పడుతుంది గదా! ఆ పైన వారం వారం ఆకులు కోసి, పురుగులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కాని దీనికి దగ్గరదారి లేదు.

ఇట్లాంటి పని నేర్పే చోటు తణుకుకు దూరమేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడది డాక్టర్ వై.ఎస్.ఆర్. పేరుతో ఉంది. అంబాజీపేట స్థానం కూడా దానిదే. ఇంటర్‌లో బైపీసీ చదివినవారు అక్కడ బి.ఎస్సీ. ఆనర్స్‌లో చేరవచ్చు. చదువు నాలుగేళ్ళు. నాలుగో ఏట విద్యార్థులు పల్లెలకు వెళ్ళి, రైతులతో కలిసి పని చేస్తారు. ఆ తరువాత ఎమ్.ఎస్సీ., పిహెచ్.డి. చదివేవారు తమ ప్రశ్నను తామే ఎంచుకుని పరిశోధిస్తారు.

"తోటపనికి కాలేజీ ఎందుకు?" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. "పక్క వరసకు చల్లి నా ఈ పది చెట్లనూ ఎందుకు వదిలేశావయ్యా?" అని రైతు నిలదీసినప్పుడు, ఆయన ఒప్పుకునేటట్టు జవాబు చెప్పడం ఎంత కష్టమో వాళ్ళకు తెలియదు. నష్టం ఆయనది గదా!

మీ పెరట్లో మసి పట్టిన మట్ట రాలితే పారవేయకండి. ఆకు అడుగున భూతద్దం పెట్టి చూడండి. నల్లబడిన పిల్లపురుగు మీద గుండ్రటి రంధ్రం కనిపించిందా? అందులోంచి చిన్న కందిరీగ ఎగిరిపోయిందన్నమాట.