చదరంగంలో పుట్టిన ఇరవై అంకెలు

చదరంగం కనిపెట్టిన పండితుడు రాజుగారిని కోరిన వరం తెలియనివారు అరుదు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు. ఇలా అరవైనాలుగు గడులకూ రెట్టిస్తూ ఇమ్మన్నాడట. ఇంతేనా అని నవ్విన రాజు గాదెలన్నీ ఊడ్చినా ఆ బాకీ తీరలేదు. కథ అక్కడితో ఆగుతుంది. అసలు రుచి అక్కడినుంచే మొదలవుతుందని నేనంటాను.

మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టినా సుమారు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది! కాని పెద్దదనమే గొప్ప అయితే, పక్కన మరో సున్న పెట్టి ఇంతకన్న గొప్పదాన్ని మనమే పుట్టించవచ్చు. దీని గొప్ప వేరే ఉంది.

మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేరిట ఈ సంఖ్యను చెప్పే పద్యమొకటి ప్రసిద్ధం. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానంనుంచి ఎడమకు రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ దిగుతాయి.

మరి తాటాకులు ఎత్తిరాసే లేఖకుడు ఒక్క మాట మార్చి రాస్తే? ఛందస్సు కొంత కాపలా కాస్తుంది. తక్కిన కాపలా ఆ సంఖ్యే కాసుకుంటుంది. ఎలాగంటారా?

అరవైనాలుగు రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసివేస్తే మన సంఖ్య వస్తుంది. ఏ సంఖ్య వర్గంనుంచి అయినా ఒకటి తీసివేస్తే, ఆ సంఖ్యకు ఒకటి కలిపినదీ, ఒకటి తగ్గించినదీ దానికి కారణాంకాలవుతాయి. హైస్కూలు పిల్లలెరిగిన సూత్రమే. దాన్నే మళ్ళీ మళ్ళీ ప్రయోగిస్తే 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు కారణాంకాలు బయటపడతాయి.

ఇవీ, ఈ వరసలో ఆ పైన వచ్చేవీ అన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫెర్మా ఊహించాడు. మొదటి అయిదింటి విషయంలో ఆయన మాట నిజమే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపాడు. భాగఫలం 67,00,417, శేషం లేదు! అంతటి మహానుభావుని ఊహా కూలిపోయింది.

కాబట్టి మన సంఖ్య ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం. జాతికి బేసి, సంయుక్తం. భాజకాలు సరిగ్గా 128. తనను మినహాయించి తక్కినవన్నీ కూడినా తనంత కావు గనుక, దీన్ని న్యూన సంఖ్యల తరగతిలో వేస్తారు. ఇంత పెద్దదానికి ఎంత చిన్న పేరో చూడండి! నేటి కంప్యూటరులో 64 బిట్ల చోటులో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

ఇక లేఖకుని సంగతి. ఇరవై అంకెల్లో ఏ ఒక్కటి మారినా 17తో భాగిస్తే శేషం మిగిలి తీరుతుంది. దొంగ దొరికినట్టే!

ఈ సెలవుల్లో పిల్లలచేత 17తో ఆ భాగహారం చేయించండి. ఆకాశాలూ, బాణాలూ, చంద్రులూ ఎవరి చోట వారున్నారని పిల్లలే మీకు చెబుతారు.