బొమ్మ చూపితే చాలదు, చదివించాలి

పదో తరగతిలో గుండె పాఠం. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని, ఊపిరితిత్తులు, మళ్లీ ఎడమ కర్ణిక... రక్తం నడిచే దారిని వట్టి మాటల్లో చెప్పుకుపోతే నాలుగో మలుపు దగ్గరే పిల్లలు తప్పిపోతారు. అదే దారిని పటం మీద వేలు పెట్టి చూపిస్తే చివరిదాకా వెంట వస్తారు.

ఎందుకిలా? మనసు మాటలను ఒక తోవలోనూ, బొమ్మలను మరో తోవలోనూ గ్రహిస్తుందని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు. రెండు తోవల్లోనూ అందిన విషయం బాగా గుర్తుంటుంది. కానీ ఒక్కో తోవలో ఒకసారికి పట్టేది కొద్దిగానే. అందుకే అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ తన ప్రయోగాల ఆధారంగా కొన్ని నియమాలు చెప్పారు. భాగం పేరు ఆ భాగం పక్కనే ఉండాలి. పాఠంతో సంబంధం లేని అలంకారాలు, నేపథ్య సంగీతం తీసేయాలి. బొమ్మను నోటితో వివరిస్తున్నప్పుడు అవే వాక్యాలను తెర మీద నింపకూడదు, కళ్లు బొమ్మను వదిలి అక్షరాల వెంట పోతాయి.

బొమ్మ తప్పుదారి కూడా పట్టించగలదు. పటంలో ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తానికి నీలి రంగు వేస్తారు. సిరల్లో నిజంగానే నీలి రక్తం పారుతుందని పిల్లలు నమ్మేస్తారు. అది ముదురు ఎరుపే. గుండె కుడి భాగం పటంలో మన ఎడమ చేతి వైపు కనిపిస్తుంది, ఎందుకంటే అది మనకు ఎదురుగా నిలబడిన మనిషి గుండె. ఈ రెండు సంగతులూ టీచరు నోటితో చెప్పి తీరాలి.

ఆన్‌లైన్ వనరులకు ఇప్పుడు కొరత లేదు. కేంద్రం 2017లో ప్రారంభించిన దీక్ష అనే ఆన్‌లైన్ వేదికలోని పాఠాలు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకుంటాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనుకరణలు (సిమ్యులేషన్లు) ఉచితం. వాటిలో విద్యుత్ వలయం కట్టి, శ్రేణిలో రెండో బల్బు చేరిస్తే మొదటి దాని వెలుగు తగ్గడం కళ్లారా చూడొచ్చు.

టీచర్లకు ఒక్క మనవి. బల్బు చేర్చే ముందు ఆగండి. "ఇప్పుడేమవుతుంది?" అని అడిగి, పిల్లల జవాబులు నోటుపుస్తకంలో రాయించండి. వీడియో అయినా అంతే, మధ్యలో ఆపి, చూసిన దాన్ని వాళ్ల చేతే గీయించండి. తెర ఎంత పెద్దదైనా, పిల్లల్ని ఆలోచింపజేసేది మీ ప్రశ్నే.