మీకు తెలుసా? పోగు తెగితే ఆగే సాంచ, తప్పు జరిగితే వెలిగే దీపం

భివండీ పద్మానగర్‌లో అడుగడుగునా తెలుగు వినపడుతుంది. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వచ్చి మరమగ్గాలు నడుపుతున్న పద్మశాలీల పేట అది. దసరాకో పెళ్లికో సొంతూరికి పోవాలంటే పుణె, సోలాపూర్ మీదుగా హైదరాబాద్ దాకానే సుమారు 700 కిలోమీటర్లు. పదేళ్లు దాటిన కారులో ఆ ప్రయాణం పెట్టుకున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ దీపం వెలిగితే గుండె గుభేలుమంటుంది. మెకానిక్ ఆర్పి పంపిస్తాడు. రెండు రోజులకు మళ్లీ వెలుగుతుంది. ఆ మొండి దీపం గురించి తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

మారుతికీ మగ్గానికీ చుట్టరికం

మారుతి సుజుకీ పేరులోని సుజుకీ మొదట చేసింది కార్లు కాదు, మగ్గాలు. 1909లో జపాన్‌లోని హమామత్సులో మిచియో సుజుకీ మగ్గాల కార్ఖానా పెట్టాడు. ఆ సంస్థ తొలి కారు సుజులైట్ 1955లో వచ్చింది. 1982లో మారుతితో చేతులు కలిపింది. 1983 డిసెంబరులో మారుతి 800 మన రోడ్డెక్కింది. భివండీ కార్ఖానా బయట నిలిపిన పాత మారుతికీ, లోపల ఆడుతున్న సాంచ అనే మరమగ్గానికీ వంశం ఒక్కటే.

టొయోటాదీ అదే కుదురు

సకిచి టొయోడా 1896లో తయారుచేసిన మరమగ్గంలో పేక తెగగానే మగ్గం దానంతట అదే ఆగే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత ఆయన ఆటోమేటిక్ మగ్గం పేటెంటు హక్కుల్ని ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ 1929లో లక్ష పౌండ్లకు తీసుకునేలా ఒప్పందం చేసుకుంది. ఆ మగ్గాల ఇంటి నుంచే 1937లో టొయోటా మోటార్ కంపెనీ పుట్టింది. తప్పు జరిగిన క్షణంలోనే యంత్రం ఆగాలి, కారణం దొరికాకే మళ్లీ కదలాలి అన్నది ఇవాళ్టికీ ఆ కంపెనీ పని పద్ధతికి పునాది.

సాంచలోనూ ఉంది ఒక హెచ్చరిక

సాదా సాంచ పక్కన వంగి చూడండి. అంచు దగ్గర వేళ్లలా వంగిన ముళ్లతో చిన్న ఫోర్కు కనిపిస్తుంది. నాడె పరిగెత్తగానే పేక పోగు ఆ ముళ్లకు అడ్డం తగిలి వాటిని నెడుతుంది, ఫోర్కు తోక పైకి లేస్తుంది. పోగు తెగినా, కండె అయిపోయినా ముళ్లను నెట్టేది ఏదీ ఉండదు. అవి ఎదుటి జాలీలోకి దూరిపోతాయి. తోక కిందనే ఉండి కొక్కానికి తగులుకుంటుంది, హ్యాండిల్ పడుతుంది, సాంచ ఆగుతుంది. కారులో చెక్ ఇంజిన్ దీపం చేసేదీ ఈ కాపలా పనే. కాకపోతే సాంచ తానే ఆగిపోతుంది, కారు చెప్పి ఊరుకుంటుంది. వినడం మన వంతు.

ఈ దీపం వయసెంత?

ముల్లు తిరిగే మీటర్లకు బదులు ఆయిల్‌కూ చార్జింగ్‌కూ హెచ్చరిక దీపాలను 1930లలోనే అమెరికాలోని హడ్సన్ కంపెనీ తన కార్లలో పెట్టింది. పొగను కట్టడి చేయడానికి ఇంజిన్ తన తప్పును తానే పట్టుకునే పద్ధతిని (ఓబీడీ) కాలిఫోర్నియా రాష్ట్రం 1988 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేసింది. దాని రెండో తరం 1996 నుంచి అమెరికా అంతటా వచ్చింది. మన దేశంలో బీఎస్-4 కాలుష్య నిబంధనల కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ తొలి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ అమలైంది. ఈ కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, మామూలు స్కానర్ దానికి పలుకుతుంది. అంతకన్నా పాత కార్లలో కొన్నింటికి ఆ కంపెనీ స్కానరే కావాలి.

రంగే మాట, మినుకే కేక

ఎర్ర దీపం అంటే ఆపమని. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా కొద్ది నిమిషాలు తిరిగినా బేరింగులు పాడవుతాయి. బ్రేక్ దీపం వెలిగితే బ్రేక్ ఆయిల్ పోసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగినా ఆయిల్ మట్టం దిగుతుంది. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే త్వరలో చూపించమని. అదే మినుకుమినుకుమంటే సిలిండరులో పెట్రోలు సరిగా మండటం లేదని. ఆ మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టే దాని ధర ఎక్కువ. మినుకు చూడగానే వేగం తగ్గించండి, దగ్గరి మెకానిక్ దాకా మాత్రమే నడపండి.

వెలగని దీపమే పెద్ద ప్రమాదం

తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగండి. చెక్ ఇంజిన్ బొమ్మ వెలగాలి, ఇంజిన్ నడిచాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో పీకేసి ఉండాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష మరిచిపోకండి. కొన్ని పాత కార్లలో బ్యాటరీ బొమ్మ బల్బు గుండానే ఆల్టర్నేటర్‌కు తొలి కరెంటు అందుతుంది. ఆ చిన్న బల్బు మాడితే చార్జింగే మొదలు కాకపోవచ్చు.

కోడ్ అంటే సామాను పేరు కాదు

స్కానర్ పీ 0171 చూపితే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని అర్థం. అంతేగాని ఆక్సిజన్ సెన్సర్ మార్చమని కాదు. పాత బండిలో ఎండకు పగిలిన సన్నని వ్యాక్యూమ్ హోస్ పైపు కూడా ఈ కోడ్ తెప్పిస్తుంది. పీ 0420 వస్తే కన్వర్టర్ పోయిందని కొందరు వెంటనే తేల్చేస్తారు. సైలెన్సర్ పైపు జాయింటు లీకైనా, సెన్సర్ ముసలిదైనా అదే కోడ్ రావచ్చు. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనం వెతుక్కోవాలి. కోడ్‌తో పాటు తప్పు జరిగినప్పటి వేగం, వేడి, ఇంజిన్ తిరిగిన లెక్క కూడా కంప్యూటర్ దాచిపెడుతుంది. అవి కూడా చదవమని మెకానిక్‌ను అడగండి.

పైసా ఖర్చు లేని పరీక్ష

పీ 0301 అంటే ఒకటో సిలిండరు సరిగా మండటం లేదని. సిలిండరుకో కాయిల్ ఉన్న బండి అయితే ఒకటో కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని ఒకటోదానికి మార్చి, కోడ్ చెరిపి, కాస్త నడపండి. ఈసారి పీ 0302 వస్తే దోషం కాయిల్‌దే, దానితో పాటే నడిచి వచ్చింది. మళ్లీ పీ 0301 వస్తే కాయిల్ నిర్దోషి. ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు చూడాలి. గుడ్డ పాడవుతుంటే ముందు నాడె మార్చి చూసినట్టే ఇది. సామాను కొనక ముందే సగం అనుమానం తీరుతుంది.

ముందు బ్యాటరీ, తర్వాత మిగతావి

ఒకేసారి నాలుగైదు దీపాలు వెలిగితే నాలుగైదు సెన్సర్లు ఒకేరోజు చచ్చిపోలేదు. ముసలి బ్యాటరీనో, వదులైన ఎర్త్ వైరునో అనుమానించండి. నిండా చార్జయిన బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. టెర్మినల్ మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లూ సోడా ఉప్పుతో కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించండి. ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ కూడా చూడండి.

దూదీ, వానా

సాంచల పేటలో గాలిలో నూలు నుసి తేలుతూనే ఉంటుంది. కార్ఖానా గోడ పక్కన రోజూ నిలిపే కారు ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వెలుతురు దాటి రాకపోతే మార్చే వేళయింది. ఆ నుసే రేడియేటర్ రెక్కల మధ్య చేరితే ఇంజిన్ వేడెక్కుతుంది. కిలోమీటర్ల లెక్క కోసం చూడకుండా ఇక్కడి బండికి ఫిల్టర్ ముందే మార్చాలి. ఇక వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక ఏబీఎస్ దీపం వెలిగితే చక్రం దగ్గరి సెన్సర్ వైరునూ, దాని మీద పట్టిన బురదనూ ముందు చూడండి. తడిసిన కనెక్టర్ విప్పి, ఆరబెట్టి, పిన్నుల పచ్చదనం తుడిస్తే చాలాసార్లు అంతటితో పోతుంది.

సీఎన్‌జీ కిట్ కథ వేరు

బయట కిట్ వేయించిన బండిలో గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోలు ఇంజెక్టర్లు ఆగిపోతాయి. అవి పనిచేస్తున్నట్టు కంప్యూటర్‌ను నమ్మించే ఎమ్యులేటర్ లేకపోయినా, పాడైనా దీపం వెలుగుతుంది. దీపం పెట్రోలు మీద ఆరి, గ్యాస్ మీద వెలుగుతోందా అన్నది రాసి పెట్టుకోండి. ఆ ఒక్క ముక్క మెకానిక్‌కు సగం రోజు మిగులుస్తుంది.

పెట్రోల్ మూత సలహా మనది కాదు

దీపం వెలిగితే పెట్రోల్ ట్యాంకు మూత బిగించమని అందరూ అంటారు. అమెరికా కార్లు ట్యాంకు ఆవిరి లీకును వెతుకుతాయి కాబట్టి అక్కడ అది నిజం. మన బీఎస్-4 నిబంధనలు యూరప్ దారిలో వచ్చినవి. వాటిలో ఆ లీకు పరీక్ష తప్పనిసరి కాదు. మూత బిగించడం మంచిదే, దాని మీదే ఆశ పెట్టుకోకండి.

బాగుచేసినా ఎందుకు ఆరదు?

ఓబీడీ రెండో దశలో చాలా తప్పులు వరసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే దీపం వెలుగుతుంది. తప్పు పోయాక మూడు ప్రయాణాలు సవ్యంగా సాగితే ఆరుతుంది. దాచిన కోడ్ చెరిగిపోవడానికి ఇంజిన్ 40 సార్లు చల్లబడి వేడెక్కాలి. అందుకే రిపేరు అయిన సాయంత్రమే దీపం ఆరలేదని మెకానిక్‌ను అనుమానించకండి. బ్యాటరీ వైరు పీకి ఆర్పే చిట్కా వద్దు. దాంతో కోడ్ పోతుంది, తప్పు జరిగినప్పటి వివరాలూ పోతాయి, ఇంజిన్ నేర్చుకున్న సర్దుబాట్లూ పోతాయి. తప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ఆర్పించే ముందు కోడ్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మళ్లీ వెలిగితే అదే కోడా, కొత్తదా తెలుస్తుంది.

తెగిన పోగు ముడివేయకుండా సాంచ నడిపించే నేతగాడు ఉండడు. నడిపితే గుడ్డ పాడవుతుందని అతనికి తెలుసు. కారు దీపాన్నీ అదే కంటితో చూడండి. దాన్ని ఆర్పమని అడగకండి, అది ఎందుకు వెలిగిందో అడగండి. పిల్లాపాపలతో ఊరి దారి పట్టే ముందురోజు కాదు, కనీసం వారం ముందు అడగండి.