పాల బిల్లు లెక్కలు చోటు మారేటప్పుడు

సంఘంలో పాలు పోసిన సభ్యునికి లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. వేసిన చీటీ చేతికి వస్తుంది. తర్వాతి పని అతనికి కనిపించదు. ఆ అంకెలు యూనియను కంప్యూటరుకు చేరడం, పక్షం చివర బిల్లు తయారు కావడం, బ్యాంకుకు జాబితా పోవడం, సభ్యుని ఫోనుకు సందేశం రావడం - ఇవన్నీ మనిషి చెయ్యి పడకుండా ఒకదాని వెంట ఒకటి జరిగేటట్లు అమర్చవచ్చు. ఈ పనుల వరుసనే వర్క్‌ఫ్లో అంటారు. ఇది నడిచే చోటు క్లౌడ్. పేరుకు మబ్బే గాని, అది ఏదో ఒక ఊళ్ళో నాలుగు గోడల మధ్య ఉన్న కంప్యూటర్ల సముదాయం. ఆ ఊరు ముంబయి కావచ్చు, సింగపూరు కావచ్చు.

దేశంలోనే ఎందుకు?

ఎక్కడ ఉంటే మనకేమి అని సభ్యులు అడగవచ్చు. చెల్లింపు వ్యవస్థల సమాచారమంతా భారతదేశంలోనే నిలవ ఉండాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఉత్తర్వు ఇచ్చింది. ఇది నేరుగా బ్యాంకులకు, చెల్లింపు సంస్థలకు వర్తిస్తుంది. వారికి పని చేసిపెట్టే వారికి ఒప్పందాల ద్వారా ఈ షరతు వస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం అంతా దేశంలోనే ఉండాలని అనలేదు. ఏ దేశాలకు పంపరాదో నిర్ణయించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కాబట్టి ఏ సమాచారానికి ఏ నిబంధన ఉన్నదో ముందుగా విడదీసి చూసుకోవాలి.

దేశంలో చోటుకు కొరత లేదు. అమెజాన్ సంస్థ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాదులో ఇటువంటి కేంద్రాలు తెరిచింది. మైక్రోసాఫ్టు, గూగుల్ కేంద్రాలు కూడా మన దేశంలో ఉన్నాయి.

తరలింపులో చిక్కులు

తరలింపు అంటే క్యాన్లు లారీకెక్కించడం వంటిది కాదు. పనుల వరుసను కొత్త చోట మళ్ళీ అమర్చాలి. రహస్య తాళాలను, బ్యాంకుతో కలిపే దారిని అక్కడ తిరిగి ఏర్పాటు చేయాలి. ఇందులో మూడు చిక్కులను మేము ముఖ్యంగా చెప్పదలచాము.

మొదటిది, జంట చెల్లింపు. సరిచూసుకోవడానికి పాత చోట, కొత్త చోట కొన్నాళ్ళు లెక్క నడపడం మంచిదే. కాని బ్యాంకుకు జాబితా పంపే అధికారం ఒక్కదానికే ఉండాలి. సంఘం, సభ్యుడు, పక్షం కలిపి ప్రతి బిల్లుకు ఒకే సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య రెండోసారి వస్తే తిరస్కరించే ఏర్పాటు చేయాలి. మార్పు చేసే రోజు చెల్లింపు ముగిసిన మరునాడైతే మేలు.

రెండవది, గడియారం. ఈ యంత్రాలు సాధారణంగా గ్రీనిచ్ కాలం చూస్తాయి. మన కాలం దానికి అయిదున్నర గంటలు ముందు. 1వ తేదీ ఉదయం 5.15కు పోసిన పాలు ఆ గడియారంలో ముందు రోజు రాత్రి 11.45కు పోసినట్లు పడి, పాత పక్షం బిల్లులో చేరతాయి. యంత్రం ముంబయికి వచ్చినంత మాత్రాన ఈ గడియారం మారదు. మన కాలం చూడమని విడిగా చెప్పాలి.

మూడవది, వెనుక మిగిలిపోయే ప్రతులు. వర్క్‌ఫ్లో నడిచిన ప్రతిసారీ దాని చిట్టాలో సభ్యుల పేర్లు, ఖాతా నంబర్లు, మొత్తాలు నిలిచిపోవచ్చు. భద్రత కోసం దాచిన నకళ్ళలోనూ అవే ఉంటాయి. అసలు తెచ్చుకొని ఇవి విదేశంలో వదిలితే నిబంధన పాటించినట్లు కాదు. కొత్త చోట లెక్క కుదిరిందని తేలాక పాతవన్నీ తొలగించి, ఆ మేరకు వ్రాతపూర్వక ధ్రువపత్రం తీసుకోవాలి.

సభ్యులు గమనించవలసినవి

తరలింపు జరిగిన మొదటి పక్షం చీటీలన్నీ దాచుకోండి. బిల్లులోని లీటర్లు, వెన్న శాతం వాటితో సరిచూడండి. సొమ్ము తక్కువ పడినా, ఎక్కువ పడినా కార్యదర్శికి వెంటనే తెలపండి. తరలింపు పేరు చెప్పి ఎవరైనా ఫోను చేసి ఓ.టి.పి. అడిగితే ఇవ్వవద్దు. ఈ పనికి సభ్యుని ఓ.టి.పి.తో అవసరమే లేదు.

యంత్రం ఏ ఊళ్ళో ఉన్నా, చీటీలోని అంకెకు తగిన సొమ్ము సభ్యుని ఖాతాలో సకాలంలో పడాలి. తరలింపు సరిగా జరిగిందనడానికి అదే గుర్తు.