మితజీవనమును స్త్రీలును

"తక్కువ వస్తువులతో బ్రదుకుడు, భూమిని కాపాడుడు" అను మాట నేడు పల్లెలందును పట్టణములందును వినవచ్చుచున్నది. పత్రికలలో హరిత గృహసముదాయములను గూర్చిన ప్రకటనలు తరచుగా గానవచ్చుచున్నవి. చెట్లనీడ, వాననీటి గుంట, సూర్యరశ్మిచే వెలుగు దీపములు, ఎరువుమందులు లేని కూరగాయల మడి, ఇవన్నియు నొక ప్రహరీగోడ లోపల నమర్చి యమ్ముచున్నారు, కొనగలిగినవారు కొనుచున్నారు. మంచిదే. కాని యీ మాటలు చదివినపుడెల్ల మాకొక సందేహము గలుగుచుండును. ఇంటిలో సామగ్రి తగ్గినపుడు ఇల్లాలి పనియు తగ్గునా, లేక పెరుగునా? దీనికి సమాధానము చెప్పని బోధ సగము బోధయే యని మా యభిప్రాయము.

ముందు మా యనుభవమునే చెప్పుకొందుము. మేముండునది నిజామాబాదు జిల్లాలో, ఆర్మూరునకు ఉత్తరమున నున్న ముప్కాల్ గ్రామము. మా యింటివారు ఉపాధ్యాయులు. రెండేండ్ల క్రిందటి వేసవిసెలవులలో వారు కొన్ని గ్రంథములు చదివి, "ఇకమీద మన యింట ప్లాస్టిక్కు వలదు, గిన్నెలకు బూడిదయే చాలును, బట్టలుతుకు యంత్రమును మూలబెట్టుదము" అని నిశ్చయించిరి. మేమును సంతోషముతోనే యొప్పుకొంటిమి. నెల తిరుగునప్పటికి తేలిన దేమనగా, గుడ్డసంచి మరచి అంగడికి పోయినది వారు, మరల పోయి సరకులు తెచ్చినది మేము. బూడిదతో తోమి చేతులు పగులగొట్టుకొన్నది మేము, "ఇల్లు ఎంత హాయిగా నున్నది!" యని మెచ్చుకొన్నది వారు. ఒకనాడు ఆ చేతులనే వారికి చూపితిమి. వారు మంచివారు గనుక మారుమాటాడలేదు. నాటినుండి సంచియు, సరకులును వారివంతు. గిన్నెలలో సగము మా కుమారునివంతు. తొక్కలు వేయు నెరువుగుంట అందరివంతు. బట్టల యంత్రము మూలనుండి మరల వచ్చినది. ప్లాస్టిక్కు మాత్రము రాలేదు. పని పంచుకొన్న నియమమే మా యింట నిలిచినది.

ఈ సంగతినే మా వీధిలోని యొక అక్కతో చెప్పితిమి. ఆమె మాఘఫాల్గుణములలో పసుపు కల్లములకు కూలికి పోవునది. నవ్వి యిట్లనెను: "చెల్లే, సామాను లేకుండ బతుకుడు మాకు కొత్తనా? గప్పుడు మమ్ముల ఎవ్వలు మెచ్చుకోలే." ఆ మాటకు మేము తల వంచుకొంటిమి. లేమి వేరు, మితము వేరు. లేమి యొకరిపై వచ్చి పడునది. మితము మనమై కోరుకొనునది. కూలి దొరకని యింటికి పోయి మితమును బోధించుట మర్యాద కాదు.

మహాభారతము నరణ్యపర్వమందలి యక్షయపాత్ర కథ మీకందరకు తెలిసినదే. రాజ్యము గోల్పోయి యడవికి వచ్చిన ధర్మరాజునకు సూర్యుడొసగిన యా పాత్రలో, ద్రౌపది భుజించునంతవరకు అన్నము తరుగదు; ఆమె భుజించిన పిదప నాటికి మరల రాదు. దుర్వాసుడు శిష్యసమేతుడై వేళగానివేళ వచ్చినపుడు ఆమె పడిన యాందోళనయు, పాత్రకంటిన శాకశేషముతో కృష్ణుడామెను గట్టెక్కించుటయు మన యమ్మమ్మలు చెప్పిన కథయే. దీనిని దేవతామహిమగా చెప్పుకొందుము. అందు గృహిణి కథయు గలదు. అతిథులెందరు వచ్చినను పాత్ర యొకటియే. చివర తినునది యామె. కొరత వచ్చినపుడు భయపడునదియు నామెయే. వనవాసమందలి నిరాడంబరజీవనమును ఎవరి భుజములు మోసెనో కథ దాచలేదు.

నిరాడంబరముగ నొకచోట కలసి కాపురముండు ప్రయత్నము మన తెలుగువారికి క్రొత్త కాదు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో, జోహాన్నెస్‌బర్గు సమీపమున, 1910లో టాల్‌స్టాయి క్షేత్రమును నెలకొల్పెను. ఆయన మిత్రుడగు కల్లెన్‌బాక్ అందులకు 1,100 ఎకరముల భూమి నొసగెను. అచట కాపురమున్న సత్యాగ్రహుల కుటుంబములలో ఆంధ్రదేశమువారును గలరు. వంట మొదలు పాకీపని వరకు అందరును స్వహస్తములతో చేసికొనుట అచటి నియమము, సేవకులు లేరు. పిమ్మట 1921 ఏప్రిలు 7వ తేదీన, నెల్లూరునకు చేరువను పెన్నాతీరమందలి పల్లిపాడున, గాంధీగారు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. దాని స్థాపకులు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు. దక్షిణాఫ్రికాలో గాంధీగారి సహచరుడైన పారశీక వర్తకుడు రుస్తుంజీ భవనమునకై పదివేల రూపాయలిచ్చెను. రాట్నము, ఖద్దరు, స్వయంసేవ ఆ యాశ్రమమునకు పునాదులు.

మన కాలమున ఇట్టి జీవనమునకు మేలైన యుదాహరణము రాయలసీమలో గలదు. దాని పేరు టింబక్టు. ఈ పేరు వినగానే ఆఫ్రికాఖండమందలి ఎడారినగరము తలపునకు వచ్చును. ఇదియు ఎండినచోటనే పుట్టినది. అనంతపురపు సీమలో ఏటికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. మా జిల్లాలో కురియుదానిలో సగమునకు కొంచెము హెచ్చు. నేడు శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన చెన్నేకొత్తపల్లి సమీపమున, 1990లో, సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులును వారి మిత్రులును 32 ఎకరముల బీడును కొనిరి. చెట్టు లేదు, మన్ను వానకు కొట్టుకొనిపోయి రాళ్లు తేలియుండెను. భూమిని బలవంతపెట్టక దాని దారిని దానిని పోనిమ్మని చెప్పిన జపానుదేశపు రైతు మసనోబు ఫుకుఒకా గ్రంథము వారికి ప్రేరణము.

వారు చేసినది చూడ స్వల్పమే. పశువులు మేయకుండ, కట్టెలకై నరుకకుండ, వేసవిలో అగ్గి పడకుండ కావలి గాచిరి, వాలునకు అడ్డముగ కట్టలు వేసి వాననీటిని నిలిపిరి, విత్తనములు చల్లిరి. నేలలో చావక మిగిలిన మొద్దులనుండి చిగుళ్లు వచ్చినవి, గడ్డి వచ్చినది, పక్షులు వచ్చినవి. ఆ బీటిలో మట్టితోను రాతితోను ఇండ్లు కట్టుకొని, సూర్యరశ్మిచే దీపములు వెలిగించుకొని, పిల్లలకొక బడి పెట్టుకొని కాపురముండిరి.

ఇంతటితో నాగినచో అదియు నొక యందమైన ప్రహరీగోడ కథయే యగుచుండెను. వారు గోడ కట్టుకొనలేదు. 1990 తరువాతి దశకమున ముష్టికోవెల మొదలగు గ్రామములవారితో కలసి, చుట్టుపట్ల నున్న ప్రభుత్వపు బంజరు కొండలను గూడ నిట్లే కాపాడ మొదలిడిరి. దానికి 'కల్పవల్లి' యని పేరు. నేడది 7,000 ఎకరములకు మించిన యడవి. అందుండి ఊరివారికి పశుగ్రాసము, ఇంటికప్పులకు బోదగడ్డి, చాపలకును గంపలకును ఈతాకు లభించుచున్నవి. కట్టెకును గడ్డికిని ఆడుది నడువవలసిన దూరము ఎంత తగ్గునో, ఆమె దినములో అంత వెలుతురు మిగులును గదా!

మాకు మిక్కిలి నచ్చిన విషయ మింకొకటి గలదు. అచటి పల్లెలలోని స్త్రీలు పొదుపుసంఘములుగా నేర్పడి, వానిని తామే నడుపుకొను సహకారసంఘములుగ పెంచుకొనిరి. అవి యన్నియు 'మహాశక్తి' సమాఖ్యలో చేరియున్నవి. వేలకొలది స్త్రీలు అందు సభ్యులు. రోగమునకో, పిల్లల చదువునకో, మేకలు కొనుటకో తమ సొమ్మునే తాము అప్పుగ దీసికొనుచు, షావుకారు గుమ్మము తొక్కుట తగ్గించుకొనిరి. రైతులకు 'ధరణి' యను సహకారసంఘము గలదు. అది మందులు వేయని కొర్ర, సామ, అరిక, రాగి, వేరుసెనగలను కొని, శుభ్రపరచి, టింబక్టు పేరుతోనే అంగళ్లకు పంపును. దీనివలన తెలియున దేమన, మితముగ జీవింపదలచిన స్త్రీ చేతిలో ముందు నాలుగు రూపాయలు తనవియై యుండవలెను. అప్పులో నున్న యింటికి త్యాగమును గూర్చిన మాట చెవి కెక్కదు.

కష్టములును రాకపోలేదు. కల్పవల్లి కొండలపై గాలిమరలు నిలుపుట కనుమతి లభించినది. గాలివిద్యుత్తు మంచిదని లోకమందరు చెప్పుదురు; మేమును కాదనము. కాని ఆ మరలను మోసికొనిపోవుటకు కొండనడుమ వెడల్పు దారులు త్రవ్విరి. చెట్లు పోయినవి, వానకు మన్ను జారినది. వివాదము జాతీయ హరిత న్యాయస్థానము వరకు పోయినది. భూమి కాగితములపై ప్రభుత్వపు బంజరు. దానిని బ్రదికించినవారి చేత పట్టా లేదు. హరితమను పేరున్న కార్యమెల్ల పచ్చదనమునకు మేలు చేయునని నమ్మరాదు. ఎవరినడిగి చేసిరో చూడవలెను.

మా తెలంగాణముననే, జహీరాబాదు ప్రాంతమందలి పస్తాపురమున, 1983లో నారంభమైన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములను గూర్చియు ఒక మాట చెప్పవలెను. అందలి స్త్రీలలో పెక్కురు అతిబీదలైన దళితకుటుంబములవారు. వారు పజ్జొన్న, కొర్ర మొదలగు పాతపంటల విత్తనములను గంపలలో దాచి, ఒకరి కొకరు ఇచ్చిపుచ్చుకొనుచు కాపాడిరి. 2008 నుండి తమదే యైన రేడియోలో తమ మాట తామే చెప్పుకొనిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమతి వచ్చినది. మా వీధి అక్క యన్న మాటకు ఇచట జవాబు దొరకినది. వారి యొద్ద సామగ్రి తక్కువయే, కాని ఏ విత్తనము దాచవలెనో నిర్ణయించు నధికారము వారిదే. అప్పుడది లేమి కాదు.

ఇక మా యూరి మాట. మాది పసుపు పండు సీమ. మృగశిరలో నాటిన దుంప తొమ్మిది నెలలు నేలలో నుండి పైకి వచ్చును. దానిని కడాయిలలో నుడికించి, కల్లములలో నెండబెట్టి, మెరుగుపెట్టినపుడు ఐదు పాళ్ల పచ్చిదుంపకు ఒక పాలు పసుపు మిగులును. ఆ పాలే ఏండ్లకొలది చెడక నిలుచును. ఏది పోవలెనో ఏది మిగులవలెనో తెలిసిన జనము మాది. అయినను పెండ్లి వచ్చినచో ఆ తెలివి మరతుము. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్కు పళ్లెములును గ్లాసులును దేశమంతట నిషిద్ధములే; మా వీధిలో నొక పెండ్లి మరునాడు చెరువుగట్టున చూచినదానిని వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. సిద్దిపేట ప్రాంతమున స్త్రీల సంఘములు 'స్టీలు బ్యాంకు' లని పళ్లెములు, గ్లాసులు, గరిటెలు నూళ్లలో నుంచి, శుభకార్యములకు అద్దెకిచ్చుచున్నవి. మా సంఘములోను ఈ మాట తెచ్చితిమి. మొదట లేచిన ప్రశ్న యిది: "మూడువందల పళ్లెములు తోమునది ఎవరు?" సరియైన ప్రశ్నయే. అందుచే తోమువారి కూలి అద్దెలోనే చేరవలెనని, పెండ్లివారి మగవారును ఎత్తి సర్దుటకు రావలెనని తీర్మానించుకొంటిమి. పళ్లెములు ఇంకను కొనలేదు, సొమ్ము కూడుచున్నది.

సోదరీమణులారా! మితముగ జీవించుడని మిమ్ము మేము వేడుకొనుట లేదు. మీలో పెక్కురు పుట్టినది మొదలు అట్లే జీవించుచున్నారు. మేము కోరున దొక్కటి. మీ యింటిలో నొక వస్తువు మానవలెనని ఎవరైన చెప్పినపుడు, ఆ వస్తువు చేయు పనిని ఇకమీద ఎవరు చేయుదురో ఆ పూటనే యడిగి తేల్చుకొనుడు. నీరు, గడ్డి, విత్తనము, పొదుపు సొమ్ము మొదలగువానిని ఒంటరిగా గాక పదుగురితో కలసి కాపాడుకొనుడు. అక్షయపాత్రయందు చివరి ముద్ద ద్రౌపదిది. కనీసము దానిని తోముట కొక చేయి తోడుండినచో, ఆమె వనవాస మెంత సులభమై యుండెడిదో గదా!