దవాఖానలో కనిపించని జబ్బు ఫోన్‌లో కనిపిస్తుంది

ఆలేరు నుంచి పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, గాంధీకో నిమ్స్‌కో వెళ్తే, రద్దీ ఓపీలో డాక్టర్ ముందు కూర్చునేది కొన్ని నిమిషాలే. ఆ కాసేపట్లో జబ్బు బయటపడకపోవచ్చు. పార్కిన్సన్స్ ఉన్న దాదాకు బయల్దేరేముందు గోలీ వేస్తే చేయి అప్పటికి నెమ్మదిస్తుంది. ఫిట్స్ వచ్చే అమ్మాయి డాక్టర్ ఎదుట మామూలుగానే ఉంటుంది. "ఎలా ఉంది?" అని అడిగితే "పర్వాలేదు సార్" అంటాం. మందు మోతాదు చాలాసార్లు ఆ మాట మీదే ఆధారపడుతుంది.

ఇంట్లో జబ్బు ఎలా ఉంటుందో డాక్టర్‌కు చేరవేయడానికే ఫోన్లు, చేతి వాచీలు పనికొస్తున్నాయి. ఫోన్ అడ్డం తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా, అందుకు లోపలున్న కదలికల సెన్సరే కారణం. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, దాన్ని కూడా ఆ సెన్సర్ పట్టుకోగలదు. 2015లో అమెరికాలో ఎంపవర్ అనే పరిశోధనలో పేషెంట్లు తమ ఐఫోన్ తెరను రెండు వేళ్లతో తట్టారు, జేబులో పెట్టుకుని నడిచారు, "ఆ..." అని గొంతు రికార్డు చేశారు. ఫిట్స్‌ను పసిగట్టే ఎంబ్రేస్ వాచీకి 2018లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. చేయి కుదుపులు, చర్మం మీద చెమటతో వచ్చే మార్పు చూసి ఇంట్లోవాళ్లకు అలర్ట్ పంపుతుంది. అయితే ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌నే పడుతుంది. కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం దానికి అందదు. బజార్లో దొరికే చవక వాచీలను నమ్మి నిశ్చింతగా ఉండటం మంచిది కాదు.

నిజానికి మన ఇళ్లకు వాచీ కన్నా ముందు కావాల్సింది మామూలు ఫోన్ కెమెరా. ఫిట్స్ రాగానే ఒకరు పేషెంట్‌ను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, నీళ్లు పెట్టొద్దు. తాళాల గుత్తి చేతిలో పెడితే ఫిట్స్ ఆగదు. ఇంకొకరు ఉంటే వీడియో తీయాలి: కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, ముందు ఏ చేయి కొట్టుకుంది, ఎంతసేపు ఉంది. అయిదు నిమిషాలు దాటితే వీడియో వదిలేసి 108కి ఫోన్ చేయండి. చూడ్డానికి ఫిట్స్‌లాగే ఉన్నా కొన్ని మూర్ఛవి కావు, మానసిక ఒత్తిడితో వచ్చేవి. వాటికి మూర్ఛ మందు పనిచేయదు. ఆ తేడా తెలుసుకోవడానికి డాక్టర్‌కు ఆ వీడియో ఎంతో పనికొస్తుంది. "గాలి సోకింది" అని తిప్పుతూ పోయే కాలం కూడా తగ్గుతుంది.

ఆడపిల్ల వీడియో అంటే అమ్మీలకు భయం ఉంటుంది, అది న్యాయమే. ముందు ఒంటి మీద చున్నీ సర్దండి, తల్లో అక్కో తీయండి. డాక్టర్‌కు తప్ప ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఎవరికీ పంపొద్దు. సంబంధాలు చూసే వయసులో ఒక్క వీడియో బయటికి పోతే ఆ పిల్ల గతేంటి? ఫోన్‌లో ఊరికే ఇచ్చే యాప్‌లు కూడా ఆరోగ్య వివరాలు ఎక్కడికి పంపుతాయో తెలియకుండా వేసుకోవద్దు.

పార్కిన్సన్స్ పెద్దలకైతే మందు వేసిన టైమూ, వణుకు మళ్లీ మొదలైన టైమూ వారం రోజులు రాసిపెట్టండి, రెండు వేళల్లోనూ నడిపించి చిన్న వీడియో తీయండి. రంజాన్‌కు ముందు ఇది మరీ అవసరం. లెవోడోపా గోలీ రోజుకు చాలాసార్లు వేయాలి, సహరీకి ఇఫ్తార్‌కు మధ్య ఆపితే కాళ్లు బిగుసుకుని పడిపోవచ్చు. ఫిట్స్ ఉన్నవాళ్లకు సహరీ కోసం నిద్ర తగ్గినా ప్రమాదమే. రోజా పెట్టొచ్చా, మందుల వేళలు మార్చొచ్చా అన్నది ఆ వీడియోలు, ఆ రాత చూపించి నెల ముందే డాక్టర్‌ను అడగండి.