పాట అగ్గువ, చూపు పిరం

కోల్డ్‌ప్లే బృందం ముంబై కచేరీలకు 2024 సెప్టెంబర్ 22న టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు, అన్నిటికంటే తక్కువ ధర 2,500 రూపాయలు, ఎక్కువ ధర 35,000. అవి చూస్తుండగానే అయిపోయాయి. తర్వాత బ్లాక్‌లో లక్షల్లో అడిగారు. వ్యవహారం ఈడీ సోదాల దాకా పోయింది. ముంబై గొడవ రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంటకు ఎందుకనుకోవచ్చు. కానీ ఆ నవంబర్‌లోనే దిల్జిత్ దోసాంజ్ హైదరాబాద్‌లో పాడాడు, 2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. ఈ సరుకు మన పట్నానికీ వచ్చేసింది. కోల్డ్‌ప్లే టికెట్లలో అగ్గువదాన్నే ఉపాధి హామీ కూలితో కొలిచి చూద్దాం. 2024-25లో తెలంగాణలో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. అంటే ఎనిమిది దినాలకు పైగా మట్టి మోస్తే ఒక్క మనిషికి చోటు దొరుకుతుంది. ఇందులో దారి ఖర్చు కలపలేదు. హైదరాబాద్‌లోనే చూద్దామన్నా, సిరిసిల్ల వైపు బస్సులు జూబ్లీ బస్టాండ్ నుంచి బయల్దేరతాయి, ఫిల్మ్ సిటీ నగరానికి ఆ చివర విజయవాడ రోడ్డు మీద ఉంటుంది. రాత్రి పదింటికి పాట ఆగితే, ఆ నడుమ దూరానికి ఆటో కిరాయి, లాడ్జి గది కూడా టికెట్‌లో భాగమే.

ఇంత ధర ఎందుకంటే చాలామంది టక్కున చెప్పే జవాబు ఆశ. ఆశ లేదనను. కానీ నలభై ఏళ్ల కిందట కళాకారులకు ఆశ తక్కువా? మారింది వాళ్ల మనసు కాదు, పాట అమ్ముడుపోయే తీరు. ఒకప్పుడు కచేరీ క్యాసెట్‌కు ప్రచారం. టికెట్ అగ్గువగా పెట్టి, జనానికి పాట రుచి చూపించి, క్యాసెట్ మీద సంపాదించేవాళ్లు. 1999లో నాప్‌స్టర్ వచ్చి పాటలు ఉచితంగా పంచడం మొదలయ్యాక లెక్క తిరగబడింది. అమెరికా ఆర్థికవేత్త అలన్ క్రూగర్ లెక్కల ప్రకారం 1996 నుంచి 2003 దాకా అక్కడ సాధారణ ధరలు 17 శాతం పెరిగితే కచేరీ టికెట్ 82 శాతం పెరిగింది. పాట నల్లా నీళ్లలా వచ్చిపడుతుంటే ఇక మిగిలిన ఆదాయం వేదికే. దీనికి మంచి రుజువు 2025 జనవరి 26. ఆ రాత్రి అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే పాడుతుంటే హాట్‌స్టార్ దాన్ని అప్పటికప్పుడు చూపించింది. ఎల్లంతకుంటలో మంచంలో పడుకుని ఫోన్‌లో చూసినవాడికీ, వేలు పోసి అక్కడ నిలబడినవాడికీ వినిపించింది ఒకే పాట. అయినా లక్ష మందికి పైగా పట్టే ఆ స్టేడియానికి జనం పోటెత్తారు. వాళ్లు కొన్నది పాటను కాదు, అక్కడ ఉండటాన్ని.

అక్కడ ఉండటం అనేది యంత్రం పెట్టి ఎక్కువ తయారుచేయగల సరుకు కాదు. ఒక గాయకుడు ఒక రాత్రి ఒక్కచోటే పాడగలడు. పైగా జనం అందరి వెంటా పడరు, నలుగురైదుగురి వెంటే పడతారు. క్రూగర్ చూపిన ఇంకో లెక్క: కచేరీల ఆదాయంలో పైనున్న ఒక్క శాతం కళాకారుల వాటా 1982లో 26 శాతం ఉంటే 2017కు 60 శాతమైంది. సౌండు, లైట్లు, బందోబస్తు, విమానాలు అన్నీ ఖర్చులే, నిజమే. అవి కనీస ధర ఎంతుండాలో చెబుతాయి తప్ప పై ధర ఎక్కడ ఆగాలో చెప్పవు. (ఆ పై ధర కట్టగలిగే పెద్దమనుషుల్లో కొందరు మాత్రం పాసుల మీద వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు. మన దగ్గర టికెట్ కొనడం పలుకుబడి లేనివాడి పని.)

అయితే ప్రభుత్వమే ధర కట్టడి చేయాలి కదా అంటారు. సినిమా విషయంలో అది చేసి చూశారు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన 35వ నంబర్ జీవో ప్రకారం పంచాయతీల్లోని నాన్ ఏసీ హాలులో టికెట్ 5, 10, 15 రూపాయలు. ఆ ధరకు నడపలేమని ఆ డిసెంబర్‌లో చాలా హాళ్లు తాళాలు వేసుకున్నాయి. 2022 మార్చిలో ప్రభుత్వమే కొత్త ధరలు ఇచ్చింది. ఇటు తెలంగాణలో 2024 డిసెంబర్ 4 రాత్రి పుష్ప 2 ప్రత్యేక ఆటకు మామూలు ధర మీద 800 రూపాయలు పెంచుకోనిచ్చారు. అంత పెంచినా సంధ్య థియేటర్ దగ్గర జనం ఆగలేదు, తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. మోజు అంత ఉన్నచోట ధర దించితే తేడా బ్లాకువాడి జేబులోకి పోతుంది. ధరల పట్టిక మీద పోట్లాటతో ఒరిగేది తక్కువని నా అభిప్రాయం.

మరి ఒకప్పుడు ఈ ప్రాంతంలో పాట ఎట్లా నడిచింది? వేములవాడ పక్కన హనుమాజీపేట మిద్దె రాములు లాంటి ఒగ్గు కళాకారుడు కథ చెబితే ఊరంతా కూర్చునేది. నేల మీద పసుపు కుంకుమలతో మల్లన్న పట్నం అనే ముగ్గు, పక్కన డోలు, తాళాలు. కథ ఆపి, ఫలానా ఇంటివాళ్లు నూటపదహార్లు అని పేరు చదివి, మళ్లీ డోలు అందుకోవడం. ఇంటికింత చందా, కలిగినవాడిది కాస్త ఎక్కువ. పట్నం ఊరి దగ్గరికే వచ్చేది, ఊరు పట్నం పోయేది కాదు. దీన్ని స్వర్ణయుగం చేయను. ఆ పోషణ కులంతో ముడిపడింది. ఒగ్గువారికి గొల్లకురుమలు, చిందు కళాకారులకు మాదిగలు, ఎవరి ఆశ్రయం వారిది. దయ తలిస్తేనే ధాన్యం. టికెట్ ఆ ముడి విప్పింది. డబ్బు కట్టినవాడి కులం అది అడగదు. 1885లో పుట్టిన సురభి నాటక సమాజం ఊరూరా పందిరి వేసుకుని టికెట్ పెట్టే బతికింది. నేల, బెంచీ, కుర్చీ ఉన్న కాలంలో కుర్చీవాడి డబ్బు నేలవాడి ధరను అదుపులో ఉంచేది. ఈ రోజు స్టేడియంలోనూ తరగతులున్నాయి, కానీ అందులో నేల లేదు. అట్టడుగు చోటే ఎనిమిది రోజుల కూలి.

విదేశీ బృందాన్ని చూడటం ఎవరి హక్కూ కాదు, బంగారం కొనలేనివాడు కొనలేదంతే, అనేవారితో నాకు తగాదా లేదు. నేనడిగేది నేల టికెట్ గురించి. చట్టంలో దానికి చోటుంది. మనిషికి 500 రూపాయలు దాటని కచేరీ టికెట్‌కు జీఎస్టీ లేదు. 501 అయితే మొత్తం మీద 18 శాతం, అంటే సుమారు 591. ఆ గీత లోపల ఆడాలంటే లక్ష మంది స్టేడియం అక్కర్లేదు, సిరిసిల్లలోనో జగిత్యాలలోనో కోరుట్లలోనో కొన్ని వందల మంది కూర్చునే మంచి హాలూ, మంచి సౌండూ కావాలి. పెళ్లిళ్ల ఫంక్షన్ హాలులో మైకు గీపెడుతుంటే పాట వినలేం. ఇంతా చేస్తే వచ్చేదెవరు, ఫోన్‌లో ఉచితంగా ఉండగా, అనే ప్రశ్నకు 2023 వేసవి జవాబిచ్చింది. సిరిసిల్ల బిడ్డ వేణు తీసిన బలగం సినిమా అప్పటికే ఓటీటీలో, అరచేతిలో ఉంది. అయినా ఊళ్లలో పంచాయతీలు తెర కట్టించాయి, జనం చాపలు తెచ్చుకుని బజార్లో కూర్చుని చివరి పాటకు ఒకరిని పట్టుకుని ఒకరు ఏడ్చారు. నిర్మాణ సంస్థ అనుమతి లేని ఆ ప్రదర్శనల మీద పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు న్యాయమే. కానీ అక్కడ నేల టికెట్ అమ్మడానికి ఎవరూ లేరు.